మగ్గం గుంటలో ముసలి కుక్క

మా ఆయన పోయిన పదో రోజున వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె నాకు వినపడేలాగే అన్నది:

"కుక్కకున్నంత బాధ పెండ్లానికి లేదు, సూడు."

కుక్క అరుగు పక్కన పడుకుని వణుకుతోంది. దాని వెనక కాళ్ళు రెండూ, నడుమూ సన్నగా, ఆగకుండా అదురుతున్నాయి. నేను దానికి మూరెడు దూరంలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె మాటకు నాకు కోపం రాలేదు. అబద్ధమని కూడా అనిపించలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ ఏమీ అనిపించేది కాదు. చేయి తిమ్మిరెక్కినప్పుడు చెంబు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలుస్తుంది గానీ, అందులో నీళ్ళు వేడివో చల్లనివో తెలియదు. నా ఒళ్ళంతా అలా ఉండేది. నీళ్ళు తోడేదాన్ని, వాకిలి ఊడ్చేదాన్ని, ఎవరైనా పిలిస్తే పలికేదాన్ని. ఏడుపు మాత్రం రాలేదు. గాజులు తీసిన రోజున కూడా రాలేదు.

మాది గద్వాలలో నేత ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు, దాని వెనక చిన్న పెరడు. మగ్గం కింద నడుము లోతు గుంట ఉండేది. ఆయన దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేవాడు. నేను రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని. మా అత్త నూలుకు గంజి పెట్టడం, తెగిన పోగులు అతకడం చూసుకునేది. ఒక బిడ్డ పుట్టి నెల తిరక్కముందే పోయింది. తర్వాత పిల్లలు లేరు. ఇంట్లో ముగ్గురం మనుషులం, బయట ఒక కుక్క.

ఆ కుక్క నాకంటే ముందు ఆ ఇంటికి వచ్చింది. పెళ్ళికి ముందు ఆయన చీరల మూట తీసుకుని తెలకపల్లి వైపు వెళ్ళినప్పుడు, తిరుగుదారిలో ఒక పిల్ల వెంటపడిందట. రెండు ఊళ్ళు దాటినా వదలకపోతే ఎత్తుకుని తెచ్చాడట. నేను కాపురానికి వచ్చేటప్పటికే అది ఎదిగిన కుక్క. ముఖం నలుపు, ఒళ్ళు ఇటుక రంగు. దానికి పేరు లేదు. ఆయన నాలుకతో ఒక చప్పుడు చేస్తే వచ్చేది. మా అత్త మాత్రం దాన్ని గడప తొక్కనిచ్చేది కాదు. మగ్గం ఉన్న ఇంట్లోకి కుక్క రావడమేమిటి అనేది. అందుకని అది గడప అవతల, మగ్గం మీద కూర్చున్న ఆయన వీపు కనపడే చోట పడుకునేది. పన్నెండు పదమూడేళ్ళు అదే చోటు.

వాకిట్లో ఆడవాళ్ళకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. కుక్క వణకడం ఆయన పోయాక మొదలవలేదు. ఆ ఎండాకాలంలోనే మొదలైంది. కుండపెంకులో నీళ్ళు తాగడానికి నిలబడినప్పుడు వెనక కాళ్ళు అదరడం నేను చూశాను. ఆయనా చూశాడు. ఆముదం వెచ్చబెట్టి దాని నడుముకు రాశాడు. "ముసల్ది అవుతుంది," అన్నాడు. అంతే. తర్వాత ఆషాఢంలో ఆయనకు జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు మూసిన కన్ను తెరవలేదు. దవాఖానాకు తీసుకెళ్ళాం, తీసుకొచ్చాం. ఆ హడావిడిలో కుక్కను ఎవరూ పట్టించుకోలేదు. అన్నీ అయిపోయాక చూస్తే దాని వణుకు బాగా ముదిరింది. అందరూ దుఃఖం అన్నారు.

నేను కాదనలేదు. మా అత్త కోసం కాదనలేదు.

ఎందుకంటే ఆమె, ఆనాటిదాకా ఆ కుక్కను చేత్తో తాకని మనిషి, ఇప్పుడు జొన్నరొట్టె మజ్జిగలో నానబెట్టి తానే తీసుకెళ్ళి దాని ముందు పెట్టేది. పక్కన చతికిలబడి కూర్చునేది. ఒకసారి నన్ను చూడకుండా అన్నది:

"నా కొడుకు కొరకు దుఃఖపడే జీవం ఈ ఇంట్ల గిదొక్కటే ఉన్నది."

కుక్క వణుకు ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. దానితోపాటు ఇంకా వచ్చాయి. తలుపు దగ్గర నిలబడేది, కానీ తలుపు తెరుచుకునే వైపు కాదు, బందులున్న వైపు. తలుపు తీసినా అక్కడే నిలబడి గోడను చూస్తూ ఎదురుచూసేది. పెరట్లో మూలకు వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరగడం తెలియక నిలబడిపోయేది. చీకటి పడే వేళకు అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టేది. నాలుక బయటపెట్టి వగర్చేది. మనం వెనక నుంచి తాకితే ఒళ్ళంతా ఎగిరిపడేది. ఒకసారి నా చేతిని పట్టుకుంది కూడా. పళ్ళు దిగలేదు. తర్వాత తానే భయపడి మూత్రం పోసుకుంది.

మగ్గం మీద సగం చీర మిగిలిపోయింది. ఆయన చిన్నాయన కొడుకు వచ్చి దాన్ని పూర్తిచేసి కోసుకుని వెళ్ళాడు. తర్వాత మగ్గం ఖాళీ. ఎక్కడో దూరాన యుద్ధం మొదలైందని, నూలు దొరకడం కష్టమవుతుందని చెప్పుకునేవారు. మా ఇంట్లో నేసే మనిషే లేడు కాబట్టి ఆ మాటలు మాకు సంబంధం లేనివి.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం పెద్ద ఉరుములు. నేను వంటింట్లో ఉన్నాను. ముందు గదిలో ఏదో పడ్డ చప్పుడైంది. వెళ్ళి చూస్తే కుక్క గడప దాటి వచ్చి మగ్గం గుంటలో పడింది. పడటమో దిగటమో తెలియదు. తొక్కే చెక్కల వెనక, గుంట మూలకు ఒళ్ళంతా ముడుచుకుని ఇరుక్కుంది. దాని వణుకుకు చెక్కలు నేలకు కొట్టుకుంటూ టకటకమంటున్నాయి. ఇంట్లో చాలా రోజుల తర్వాత మగ్గం చప్పుడు లాంటిది వినపడింది. నేను దాన్ని బయటికి లాగుదామని వంగాను. ఇంతలో మా అత్త వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె గుంటలోకి చూసి, "ఉండనీ" అన్నది.

ఉరుములు ఆగాక కూడా అది బయటికి రాలేదు. సాయంత్రానికి వణుకు కొంచెం తగ్గింది. ఇరుకు, చీకటి, మూడు వైపులా మట్టిగోడ దానికి నచ్చాయని నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత తెలిసింది.

దసరా దాటాక మా అన్న నన్ను తల్లిగారింటికి తీసుకుపోవడానికి వచ్చాడు. మా పుట్టినూరు నాగర్‌కర్నూలు. అన్న తిమ్మాజిపేట, లింగాల, తెలకపల్లి సంతల్లో బట్టలమ్మేవాడు. ఆ వ్యాపారంలోనే మా ఆయనతో పరిచయమై నా పెళ్ళి కుదిరింది. ఇప్పుడు నన్ను తీసుకెళ్ళి అక్కడే ఉంచుకోవాలని అతని ఉద్దేశం. పిల్లలు లేరు, మొగుడు లేడు, ముసలి అత్త దగ్గర ఏం చేస్తావన్నాడు. నేను సరేనన్నాను. అప్పట్లో ఎవరేమన్నా సరేననేదాన్ని.

మా అత్త అడ్డు చెప్పలేదు. బట్టలు మూట కట్టుకుంటుంటే వచ్చి అన్నది:

"కుక్కను గూడ తోల్కపో పిల్లా. నాకు దాన్ని సూడ చేతనైతలేదు."

"ఈడ అలవాటైన జాగ కద అత్తమ్మా."

"వణుకుతుంటె సూస్తు కూసోవాలె. గంతే కద. నాతోని కాదు."

ఆమె చేతులు కూడా సన్నగా అదురుతున్నాయి. వయసుకు వచ్చే వణుకు. అప్పటికి రెండేళ్ళ నుంచీ ఉంది. వాటిని కొంగు కింద పెట్టుకుంది.

కుక్కను ఒక గంపలో గోనెపట్టా పరిచి కూర్చోబెట్టాం. నది దాకా తెలిసినవాళ్ళ బండి. అక్కడ కృష్ణ దాటడానికి పుట్టి ఎక్కాం. తోలు పుట్టి నీటి మీద గుండ్రంగా తిరుగుతుంటే కుక్క గంపలోంచి లేవబోయింది. నేను గంప మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాను. అవతలి ఒడ్డున అన్న వదిలి వచ్చిన ఎడ్లబండి ఉంది. వనపర్తి చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది. దారి పొడుగునా కుక్క వణుకుతూనే ఉంది, ఒక్క ముద్ద ముట్టలేదు. అన్న దాన్ని చూసి చూసి అన్నాడు:

"ఈడ ఒక సాలోత్రి ఉండు. దొరల గుర్రాలకు దవా చేసినోడు. సూపిద్దామా చెల్లె?"

సరేనన్నాను.

ఆ పశువుల వైద్యుడు ముసలి సాయబు. సంస్థానం గుర్రపుశాలలో చాలా ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు ఊరి చివర ఇంట్లో ఉంటున్నాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మేం సంగతి చెబితే, గంపను నేల మీద పెట్టమని, తాను మంచం దిగి దాని ముందు కూర్చున్నాడు. ముందు దాన్ని తాకలేదు. చేయి దాని ముక్కు ముందు పెట్టి చాలాసేపు ఊరుకున్నాడు. అది వాసన చూసింది. అప్పుడు మెల్లగా చెవి వెనక చిటిక వేశాడు. అది కదలలేదు. కంటి ముందు వేలు ఆడించాడు. రెప్ప వాలలేదు. వీపు పొడుగునా వెన్నుపూసలు ఒక్కొక్కటీ నొక్కుకుంటూ వచ్చాడు. నడుము దగ్గర అది మూలిగింది.

"ఎన్నేండ్లు బిడ్డా దీనికి?"

"పదమూడో, పద్నాలుగో ఉంటయి తాతా."

"కండ్లల్ల పొర నిండింది. ఒక చెవు పూరా పోయింది, ఇంకోటి సగం. నడుముల నొప్పి ఉన్నది. అందుకె వణుకుతుంది. ఇంకోటి, దీనికి తానెక్కడున్నదో తెలుస్తలేదు. పరేషాన్ అయితుంది."

అన్న కలగజేసుకున్నాడు. "దీని యజమాని, మా బావ, పోయి మూడు నెలలు అయింది తాతా. ఆ రందితోని వణుకుతుందని అందరు అంటుండ్రు."

సాయబు నా వైపు చూశాడు. నా చేతులూ, మెడా చూశాడు. సంగతి అర్థమైంది.

"ఉంటె ఉండొచ్చు," అన్నాడు. "కుక్క నోరు తెరిచి చెప్పదు కద. కాని ఆయన బతికున్నా గిది వణికేదే."

ఆ మాట విన్నాక నాకు ఏదో తేలికైనట్టు ఉండాలి. అలా ఏమీ లేదు. ఔను, నాకు తెలుసు అనుకున్నాను.

మందు ఉందా అని అడిగాను. ముసలితనానికి మందు లేదన్నాడు. నడుముకు రాయడానికి ఒక నూనె ఇచ్చాడు. తర్వాత ఒక్కొక్కటీ చెప్పాడు. తినే గిన్నె, పడుకునే పట్టా ఉన్నచోటి నుంచి జరపొద్దు. తిండి రోజూ ఒకే వేళకు పెట్టాలి. తాకే ముందు చేయి వాసన చూపించాలి. ఉరుములకు, చప్పుళ్ళకు బెదిరినప్పుడు ఛాతీ చుట్టూ వెడల్పాటి గుడ్డ బిగించి చుట్టాలి, ఊపిరి ఆడేంత వదులు ఉంచాలి.

"బెదిరే గుర్రంపిల్లలకు మేం గట్లనే కడుతుంటిమి. ఎవరో పట్టుకున్నట్టు ఉంటది. అన్నిటికి గట్ల ఆగదు. కొన్నిటికి ఆగుతది."

తన భుజం మీది తువ్వాలు తీసి చుట్టి చూపించాడు. తర్వాత నన్ను చుట్టమన్నాడు. నేను చుట్టి, ముడివేసి, చేయి దాని ఛాతీ మీదే ఉంచాను. కుక్క వణుకుతూ ఉంది. కొంతసేపటికి ఆ వణుకు మధ్యలో ఆగడం, మళ్ళీ మొదలవడం, మళ్ళీ ఆగడం నా అరచేతికి తెలిసింది. సాయబు నా చేతినే చూస్తున్నాడు.

"నీ చెయ్యి కదలదు బిడ్డా," అన్నాడు. "దీనికి గదే కావాలె. పాపం పాపం అనుకుంట నిమిరితె ఇంక బెదురుతది. నువ్వు ఊకె కూసో. గట్లనే."

మూడు నెలలుగా నాలో అందరూ తప్పుపట్టిన దాన్ని ఒకరు పనికొస్తుందన్నారు.

బండి ఎక్కేముందు సాయబు అన్నను అడిగాడు. "యాడికి పోతుండ్రు?"

"నాగర్‌కర్నూల్. ఇంక మా చెల్లె ఆడనే ఉంటది."

ఆయన గంప వైపు చూసి, "దీనికి కొత్త జాగ కష్టమే," అన్నాడు. తువ్వాలు తిరిగి ఇవ్వబోతే వద్దన్నాడు.

నాగర్‌కర్నూలులో మా ఇల్లు పెద్దది. వదిన మంచిది. కుక్కకు పెరట్లో చూరు కింద చోటు చూపించింది. నేను అన్నీ సాయబు చెప్పినట్టే చేశాను. గిన్నె ఒకచోట, పట్టా ఒకచోట. కానీ ఆ ఇల్లు దానికి తెలియదు. అడుగు వేస్తే స్తంభం, ఇంకో అడుగు వేస్తే మెట్టు. మనుషులు ఎక్కువ, పిల్లలు ఎక్కువ, దూడలు అరిచేవి. చూరు కింద మూడు వైపులా ఖాళీ. ఒరిగి పడుకోవడానికి గోడ లేదు. పగలు కూడా తిరగడం మొదలుపెట్టింది. గోడకు ముఖం పెట్టి గంటలు గంటలు నిలబడేది. ముద్ద నోట్లో పెడితే మింగేది, లేకపోతే లేదు.

దీపావళి నాటి సాయంత్రం వీధిలో పటాసులు కాల్చారు. ఆ ఊళ్ళో ఎక్కువేమీ కాదు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు తెచ్చుకున్నవి. చెవుడు సగమే కాబట్టి దానికి వినపడింది, లేదా నేల అదరడం తెలిసింది. నేను తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళి వచ్చేలోపు అది లేదు. పెరటి తలుపు తీసి ఉంది. వీధి పొడుగునా వెతికాం. అన్న లాంతరు పట్టుకుని చెరువు వైపు వెళ్ళి వచ్చాడు. పండుగ పూట అందరినీ తిప్పుతున్నానని వదిన ముఖం చిన్నబుచ్చుకుంది. ఇక రేపు చూద్దామన్నారు. నేను పడుకున్నాను, నిద్రపోయాను కూడా.

తెల్లారాక దొరికింది. మూడు వీధుల అవతల ఒకరి కొట్టంలో, గడ్డివాముకూ గోడకూ మధ్య జానెడు సందులో తల దూర్చి నిలబడి ఉంది. వెనక కాళ్ళు వంగిపోయాయి కానీ కూలబడలేదు. ఎంతసేపటి నుంచి అలా ఉందో తెలియదు. కొట్టం మనిషి, "పొద్దుగాల పాలు పిండ వస్తె కనబడ్డది. పిలిస్తె మల్లదు, కొడితె మల్లదు," అన్నాడు. చేయి దాని ముక్కు దగ్గరికి పెట్టాలంటే ముక్కు గోడకు ఉంది. నేను పక్కన గడ్డిలో కూర్చుని, దాని పక్కటెముకల మీద చేయి వేసి ఊరుకున్నాను. చాలాసేపటికి తల బయటికి తీసి నా మోకాలి సందులో పెట్టింది.

దాన్ని ఎత్తుకుని ఇంటికి వచ్చి అన్నతో అన్నాను:

"నేను గద్వాల పోత అన్నా."

"కుక్క కొరకా?"

"ఇది ఈడ బతకదు."

"ఎన్ని రోజులు బతుకుతది అది? ఏడాదా? నీ బతుకు మొత్తం ముందర ఉన్నది చెల్లె."

"తెల్వదు," అన్నాను. నిజంగానే తెలియదు. తర్వాత చాలామంది నన్ను మెచ్చుకున్నారు, ముసలి అత్తను విడవలేక తిరిగి వచ్చిన కోడలని. ఆ మాటా నేను కాదనలేదు. కానీ ఆ పొద్దున నా మనసులో అత్త లేదు. మగ్గం గుంట ఉంది. దాని మూల, ఆ చీకటి, ఆ కొలత ఉంది.

అన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బండి కట్టాడు.

గద్వాలలో ఇంటి ముందు దించగానే కుక్క ముక్కు నేలకు ఆనించి, గడప దాటి, నేరుగా వెళ్ళి గుంటలోకి జారింది. మా అత్త నన్ను చూసి ఎందుకు వచ్చావని అడగలేదు. నాకు నీళ్ళిచ్చి, అన్నకు అన్నం పెట్టి, అతను వెళ్ళాక అడిగింది:

"సాలోత్రికి సూపిచ్చిండ్రంట కద. ఏమన్నడు?"

"ముసలితనం అన్నడు. కండ్లు పోయినయంట. నడుము నొప్పి."

ఆమె, "దుఃఖం సంగతి ఏమనలేదా?" అన్నది.

"అది గూడ ఉంటదన్నడు," అన్నాను.

ఆ చలికాలం మాకు జరుగుబాటు కష్టమైంది. నేను ఇతరుల ఇళ్ళకు కండెలు చుట్టేదాన్ని. ఒకరోజు మా అత్త ఖాళీ మగ్గం ముందు నిలబడి, "నువ్వు కూసో," అన్నది. మా వాళ్ళలో ఆడవాళ్ళు మగ్గం చుట్టూ పని అంతా చేస్తారు గానీ మగ్గం ఎక్కరు. నేను అదే అన్నాను. అప్పుడు ఆమె ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. మా మామకు కళ్ళు పోయిన తర్వాత రెండేళ్ళు ఆమే నేసిందట. తలుపులు వేసుకుని నేసిందట. చీరలు ఆయన పేరున పోయేవట.

"ఇప్పుడు నా చేతులు గిట్లయినయి. లేకుంటె నేనే కూసుందును," అన్నది.

"గుంటల కుక్క ఉన్నది అత్తమ్మా."

"ఉండనీ. కాళ్ళు జర పక్కకు పెట్టుకో."

గుంట మూలకు ఒక పలక అడ్డం పెట్టి, అటువైపు గోనెపట్టా పరిచాం. ఇటువైపు నా కాళ్ళు, తొక్కే చెక్కలు. వారం తిరక్కముందే కుక్క పలకను తోసేసింది. వచ్చి నా కుడి పాదానికి ఆనుకుని పడుకుంది. మొదట్లో నేను చెక్క తొక్కినప్పుడల్లా ఉలికిపడేది. తర్వాత ఆ చప్పుడు దానికి అలవాటైంది. ఒక్కటే చప్పుడు, ఒక్కటే వేగం. తప్పు నేసి నేను ఆగితే తల ఎత్తేది. దాని వణుకు నా మడమ నుంచి పిక్క దాకా వచ్చేది. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ, మబ్బు పడితే ఎక్కువ. బయటికి చూడకుండానే వాన వస్తుందో లేదో నాకు తెలిసేది.

పట్టుపని నాకు ఎవరూ ఇవ్వలేదు. ముతక నూలు బట్ట నేశాను. మొదటి బట్ట అంచులు వంకరపోయాయి, మధ్యలో పలచన. మా అత్త దాన్ని వెలుతురుకు పట్టి చూసి, కత్తెర తీసి జానెడు వెడల్పున కత్తిరించింది. కుక్క ఛాతీ చుట్టూ చుట్టడానికి రెండు పట్టీలు వచ్చాయి. సాయబు తువ్వాలు అప్పటికే పీలికలైంది. నేను చుట్టడం ఎలాగో చూపించాను. ఆమె వేళ్ళు ముడి వేయలేకపోయాయి. ఆమె పట్టుకుంటే నేను ముడి వేశాను. ముడి వేస్తుండగా ఆమె మెల్లగా అన్నది:

"ఎండకాలంలనే వణికింది గిది. వాడు ఆముదం రాసేటప్పుడు సూసిన."

నేను ఆమె ముఖం చూశాను. ఆమె కుక్కనే చూస్తోంది.

"మరి ఇన్ని రోజులు..."

"అందరు అంటుంటె మంచిగనిపిచ్చింది," అన్నది. "నువ్వు గూడ అన్నవు కద."

నేను ముడి బిగించాను.

మగ్గం గుంటలో కుక్క ఉందన్న మాట వీధిలో పాకింది. కులపెద్ద ఒకాయన వచ్చాడు. గడప దగ్గర నిలబడి, నేను మగ్గం మీద ఉండటం, నా కాళ్ళ దగ్గర కుక్క ఉండటం రెండూ చూశాడు. రెంటిలో దేన్ని ముందు తప్పుపట్టాలో తేల్చుకోలేకపోయాడు. చివరికి కుక్కతో మొదలుపెట్టాడు.

"మగ్గం అంటె దేవుని జాగ. గిదేం పని వదినె?"

మా అత్త నూలుకు గంజి పట్టిస్తూనే అన్నది. "ముసల్ది. కండ్లు లేవు. ఆడ ఉంటె జర వణుకు తగ్గుతది. దేవునికేం కష్టం లేదు. నీకేమన్న కష్టం ఉంటె చెప్పు."

"మరి కోడలు..."

"కోడలు నేస్తుంది."

ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళు మా బట్ట తీసుకోవడానికి ఇద్దరు ముగ్గురు వెనకాడారు. నూలు కరువు ముదిరాక ఎవరు నేసిన బట్ట అని అడిగేవాళ్ళు తగ్గారు.

ఇంకో వానాకాలం గడిచింది. ఉరుముల రోజుల్లో పట్టీ చుట్టి, నేను నేత ఆపకుండా కూర్చునేదాన్ని. కొన్నిసార్లు ఆగేది, కొన్నిసార్లు ఆగేది కాదు. ఆగనప్పుడు చేసేదేమీ లేదు. అది వణికేది, నేను నేసేదాన్ని. పెరట్లోకి ఎత్తుకుని తీసుకెళ్ళి, నిలబెట్టి పట్టుకుని, మళ్ళీ తెచ్చి దించేదాన్ని. చివరి నెలల్లో ఎముకలే మిగిలాయి. చిన్నపిల్లంత బరువు కూడా లేదు. అంబలి వేలితో నాకించాల్సి వచ్చేది. మా అత్త తన వేలే పెట్టేది. ఆమె వేలు వణికేది, దాని మూతి వణికేది. సగం నేల మీదే పడేది.

మాఘంలో ఒక పొద్దున మగ్గం మీద కూర్చుని కాళ్ళు దించాను. పాదానికి అది తగిలింది. వణుకు తగల్లేదు. నిద్రపోతోంది కాబోలు అనుకున్నాను. అనుకున్నానని చెబుతున్నాను గానీ, అది నిద్రలో కూడా వణుకుతుందని నాకు తెలుసు. కండె పెట్టిన నాడె పోగుల మధ్య విసిరాను. జానెడు బట్ట నేశాను. పాదం కింద చల్లగా ఉంది. నేస్తూనే ఉన్నాను. అప్పుడు మా అత్త వంటింట్లోంచి అంబలి గిన్నెతో వచ్చి, గుంట అంచున కూర్చుని, చేయి కిందికి పెట్టి, మళ్ళీ పైకి తీసింది.

"ఆపు పిల్లా," అన్నది.

ఆపాను.

చిన్నాయన కొడుకు వచ్చి ఊరి బయట చేను గట్టున గొయ్యి తవ్వాడు. నేను దాన్ని గంపలో పెట్టుకుని వెళ్ళాను. ఛాతీకి పట్టీ ఉంది. విప్పాలా వద్దా అని అతను అడిగాడు. ఉండనీ అన్నాను. ఎర్రమట్టి కప్పి, కుక్కలు తోడకుండా రాళ్ళు పెట్టాడు. ఇంటికి వచ్చి స్నానం చేశాను. మా అత్త ఆ పూట తినలేదు. నాకు ఆకలి వేసింది, తిన్నాను. మర్నాడు గుంటలోని గోనెపట్టా తీసి ఎండలో వేసి, గోడలు పేడతో అలికి, ఆరాక మళ్ళీ కూర్చున్నాను. అప్పటికి ఆ మగ్గం మీద బట్ట ఇంకా పదిమూరలు నేయాల్సి ఉంది.

నెల రోజుల పాటు నా నడుము ఎడమవైపు పట్టేసింది. ఎందుకో నాకు తెలియలేదు. ఒకరోజు మా అత్త నూలు అతుకుతూ నా వైపు చూసింది, గుంటలోకి చూసింది. నా కుడికాలు ఎడమకాలి వెనక్కి ముడుచుకుని ఉంది. ఏడాది పైగా దానికి చోటు వదిలి అలా కూర్చోవడం అలవాటైంది.

"కాలు సాపుకో పిల్లా," అన్నది. "జాగ ఉన్నది."

చాపుకున్నాను. మొదట కొంచెం నొప్పి పుట్టింది. ఆ పూట మూరెడు నేశాను.